కుపాలా రాత్రికి వెళ్ళేవారికి: స్లావుల నడివేసవి ఆచారాలలో పాల్గొనే తీరు, వాటి పాత వేళ్ళను గుర్తుపట్టే తీరు

ఉక్రెయిన్, బెలారస్, రష్యా, పోలాండ్ వంటి స్లావు జాతుల దేశాలకు వైద్యవిద్యకో ఉద్యోగానికో వెళ్ళిన తెలుగువారికి జూన్ నెలాఖరులోనో జూలై మొదటి వారంలోనో తోటివారి నుంచి ఒక పిలుపు వస్తుంది: ఈ రాత్రి కుపాలా, ఏటి ఒడ్డుకు రండి. వెళ్ళి చూస్తే తలల మీద పూలకిరీటాలు, ఒడ్డున పెద్ద నెగడు, దాని మీదుగా చేతులు పట్టుకుని దూకే జంటలు, చీకటి నీళ్ళ మీద కొవ్వొత్తులతో తేలిపోయే పూలచుట్లు కనిపిస్తాయి. తిరిగి వచ్చినవారిని అది ఏం పండుగ అని అడిగితే, క్రైస్తవం రాకముందు వాళ్ళు కొలిచిన కుపాలా అనే దేవుడి పండుగ అని చెబుతారు. ఆ జవాబులో పండుగ చాలా పాతదన్న మాట నమ్మదగినది; దేవుడి సంగతి మాత్రం ఎంతో ఆలస్యంగా, పదిహేడో శతాబ్దంలో రాతకెక్కినది. ఆ రాత్రి ఏమేమి చేయాలో, ఎలా చేయాలో చెబుతూనే, చేస్తున్న పనిలో ఏది ఎంత పాతదో తేల్చుకునే పద్ధతిని కూడా చూపాలని ఈ వ్యాసం రాస్తున్నాను. నేను పాటించే సూత్రం ఒక్కటే: పేర్లను అనుమానించాలి, పనులను గమనించాలి.

ముందుగా తేదీ

బయలుదేరే ముందు తేదీ సరిచూసుకోవాలి, ఎందుకంటే ఒకే పండుగ దేశాన్ని బట్టి, చర్చిని బట్టి రెండు వేర్వేరు రోజుల్లో జరుగుతుంది. ప్రకృతిలో దీనికి ఆధారం జూన్ 20న లేదా 21న వచ్చే వేసవి అయనాంతం, అంటే ఏడాది మొత్తంలో పగలు అన్నిటికన్నా పొడవుగా ఉండే రోజు. నడివేసవి అనగానే మనకు మే నెల ఎండ గుర్తుకు వస్తుంది గానీ, అక్కడ అది చెట్టూ చేమా నిండు పచ్చగా ఉండి, రై అనే ధాన్యపు చేలు కంకి పట్టి, గడ్డికోతలు మొదలయ్యే కాలం. యేసు పుట్టుకకు ఆరు నెలల ముందు యోహాను పుట్టాడన్న లూకా సువార్త లెక్కను అనుసరించి చర్చి జూన్ 24ను యోహాను జన్మదినంగా నిలిపింది. ఆ తేదీ అయనాంతానికి మూడు నాలుగు రోజుల దూరంలోనే పడడంతో పాత ఆచారాలన్నీ దాని గొడుగు కిందికి చేరాయి.

పోలాండ్‌లో వేడుక జూన్ 23 రాత్రి. రష్యా, బెలారస్, సెర్బియాల ఆర్థడాక్స్ చర్చిలు ఇప్పటికీ జూలియన్ పంచాంగాన్నే పాటిస్తాయి. అది నేటి క్యాలెండరు కంటే 13 రోజులు వెనుక ఉంటుంది కనుక వారి జూన్ 24 మనకు జూలై 7 అవుతుంది, రాత్రి వేడుక జూలై 6న వస్తుంది. ఉక్రెయిన్‌లో ఆర్థడాక్స్ చర్చ్ ఆఫ్ ఉక్రెయిన్ 2023 సెప్టెంబరు 1 నుంచి కొత్త పంచాంగానికి మారింది కాబట్టి అక్కడ ఇప్పుడు జూన్ 23, జూలై 6 అనే రెండు తేదీలూ వినిపిస్తాయి. పిలిచినవారినే అడిగి తెలుసుకోవడం మంచిది. పైగా ఆ దేశంలో 2022 ఫిబ్రవరి నుంచి సైనిక శాసనం అమల్లో ఉండి, చాలా ప్రాంతాల్లో రాత్రి కర్ఫ్యూ ఉన్నందున తెల్లవార్లూ సాగే వేడుకలకు వీలు తగ్గింది.

పేరులోని చిక్కు

రష్యన్, ఉక్రెయినియన్ వంటి తూర్పు స్లావు భాషల్లో ‘కుపాతి’ అంటే స్నానం చేయించడం, నీట ముంచడం. యోర్దాను నదిలో జనాన్ని ముంచి బాప్తిస్మమిచ్చిన యోహానును తెలుగు క్రైస్తవులు స్నాపక యోహాను అంటారు గదా; ఇవాన్ కుపాలా అన్న పేరు కూడా ఆ అర్థంలోనే పుట్టిందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. ఇవాన్ అంటే యోహాను, కుపాలా అంటే ముంచేవాడు. ఈ లెక్కన పేరు క్రైస్తవమే అవుతుంది.

ఆ మాట రాతలో మొదట కనిపించే చోటు కూడా పూజకు సంబంధించినది కాదు. ఇపాత్యేవ్ మఠం పేరుతో ప్రసిద్ధమైన ప్రాచీన వృత్తాంత గ్రంథంలో, 1262లో లిథువేనియన్లు నేటి పోలాండ్‌లోని మజోవియా మీద దాడి చేసి, నేటి వార్సాలో కలిసిపోయిన యాజ్‌దూవ్ దగ్గర షెమోవిత్ అనే రాకుమారుణ్ణి చంపిన ఉదంతం ఉంది. అది ఇవాన్ రోజుకు ముందటి దినాన, సరిగ్గా కుపాలా నాడు జరిగిందని రచయిత తేదీ చెప్పడం కోసం మాత్రమే ఆ మాట వాడాడు. మనవాళ్ళు ఒక సంగతిని ‘భోగి నాడు జరిగింది’ అని చెప్పినట్టే ఉంది ఆ ధోరణి. వివరణ అవసరం లేనంతగా ఆ రోజు అందరికీ తెలిసి ఉండేదని ఆ ఒక్క వాక్యమే చెబుతుంది.

దేవుడి మాటకు వస్తే, 980లో కీవ్ కొండ మీద అక్కడి పాలకుడు వ్లదీమిర్ నిలిపిన విగ్రహాల పేర్లు పాత వృత్తాంతంలో వరుసగా ఉన్నాయి: పెరూన్, ఖోర్స్, దాజ్‌బోగ్, స్త్రీబోగ్, సిమార్గ్ల్, మోకోష్. అందులో కుపాలా లేడు. ఆ వ్లదీమిరే 988లో బాప్తిస్మం తీసుకుని ప్రజలను క్రైస్తవంలోకి నడిపించాడు. ఆ తరువాత ఆరు వందల ఏళ్ళు గడిచాక, పదిహేడో శతాబ్దపు గుస్తిన్ వృత్తాంతంలో మొదటిసారిగా కుపాలో సమృద్ధినిచ్చే దేవుడని, గ్రీకుల సెరెస్ లాంటివాడని రాశారు. సెరెస్ నిజానికి రోమన్ల దేవత. రాసినవారు తమ కళ్ళతో చూసిన జానపద వేడుకకు పుస్తకాలలో చదివిన పురాణాన్ని అతికించారనడానికి ఆ పొరపాటే సాక్ష్యంగా కనిపిస్తుంది నాకు. ఇక ఇంటర్నెట్‌లో విరివిగా తిరిగే కుపాలా, కోస్త్రోమా అనే కవలల కథ, అంటే చిన్ననాడు విడిపోయి, తెలియక పెళ్ళాడి, నిజం తెలిశాక ప్రాణాలు తీసుకున్నారన్న కథ, ఏ మధ్యయుగపు పత్రంలోనూ లేదు. అన్నాచెల్లెళ్ళు ఒకే పువ్వుగా మారారన్న జానపద గీతాల ఇతివృత్తం నిజమైనదే. దాన్ని దేవతల వంశావళిగా మార్చినది మాత్రం ఆధునికుల చేయి.

మరి పాతదనానికి రుజువు ఎక్కడ వెతకాలి? తిట్టినవారి రాతల్లో వెతకాలి. 1505లో రష్యాలోని ప్స్కోవ్ దగ్గరి ఎలియాజర్ మఠాధిపతి పంఫీల్ అక్కడి అధికారికి ఉత్తరం రాస్తూ, యోహాను జన్మదినపు రాత్రి ఊరు ఊరంతా రేగిపోతుందని, డప్పులు, పిల్లనగ్రోవులు, స్త్రీల నాట్యాలు హోరెత్తుతాయని, కొందరు పచ్చికల్లో, అడవుల్లో వేళ్ళూ మూలికలూ ఏరుతూ తిరుగుతారని వాపోయాడు. 1551లో మాస్కోలో జరిగిన స్తొగ్లావ్ మతసభ కూడా ఈ రాత్రి వేడుకలను ఖండిస్తూ, తెల్లవారే వేళ జనం నదికి పరుగెత్తి నీళ్ళతో కడుక్కుంటారని నమోదు చేసింది. చర్చి నేర్పని పనులు, చర్చి ఆపలేకపోయిన పనులు ఇవి: మూలికలు, ఆటపాటలు, నీళ్ళు. ఐదువందల ఏళ్ళ తరువాత మీరు చూడబోయేదీ చాలావరకు ఇదే.

పూలకిరీటం అల్లడం

ఉక్రెయిన్‌లో వినోక్, బెలారస్‌లో వ్యానోక్, పోలాండ్‌లో వ్యానెక్ అంటారు. సాయంత్రానికి ముందే పచ్చిక బయలుకు వెళ్ళి, ఒక్కొక్కటి జానెడు కంటే పొడవైన కాడలున్న పూలను ఒడినిండా కోసుకోవాలి. చామంతిని పోలిన తెల్లని రొమాష్కా, నీలిరంగు కార్న్‌ఫ్లవర్, క్లోవర్, పసుపుపచ్చని సెయింట్ జాన్స్ వర్ట్, కొన్ని రై కంకులు ఉంటే చాలు. కాడలు పొట్టివైతే వంగే విల్లో కొమ్మను తల చుట్టుకొలతకు చుట్టి దాన్ని ఆధారంగా వాడవచ్చు.

నారతోనో దారంతోనో దండ కట్టడం అలవాటైన చేతికి ఇది మొదట కొత్తగా ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ కట్టేదీ కాడే, కట్టించుకునేదీ కాడే. రెండు మూడు గట్టి కాడలను పక్కపక్కన ఎడమచేతిలో పట్టుకోండి. కొత్త పువ్వును వాటికి అడ్డంగా, తల ముందుకు వచ్చేలా పెట్టి, దాని కాడను వెనకనుంచి చుట్టి ముందుకు తెచ్చి, పాత కాడలతో కలిపి పొడవునా పడుకోబెట్టండి. ఇప్పుడు ఆ కాడ కూడా ఆధారంలో భాగమైపోయింది. తరువాతి పువ్వును మొదటి పువ్వు మెడకు ఆనుకునేంత దగ్గరగా జరిపి అదే విధంగా చుట్టండి. బొటనవేలు ఎప్పుడూ చివరి ముడి మీదే ఉండాలి. అది జారితే నాలుగైదు పూలు ఒక్కసారిగా విడిపోతాయి. తల చుట్టుకొలతకు నాలుగు వేళ్ళ పొడవు ఎక్కువయ్యేదాకా అల్లి, మిగిలిన చివరను మొదటి పూల మధ్యకు దూర్చి, ఒక పొడవాటి గడ్డిపోచతో గట్టిగా చుట్టాలి. ఇనుప తీగ, ప్లాస్టిక్ రిబ్బను వద్దు. రాత్రికి ఇది ఏట్లో కలిసేది.

పెళ్ళికాని అమ్మాయిలు వీటిని నీటిలో వదిలి జోస్యం చూసుకుంటారు. దూరంగా తేలిపోతే పెళ్ళి దగ్గరపడిందని, ఒడ్డునే తిరుగుతుంటే ఈ ఏడు ఇంట్లోనే ఉంటారని, మునిగితే మనసిచ్చినవాడు మరిచాడని ఊరికొక తీరుగా అర్థం చెబుతారు. కొవ్వొత్తి పెట్టదలిస్తే అరచేయంత చెట్టుబెరడు ముక్కను కిరీటం మధ్యలో దూర్చి, కరిగిన మైనపు చుక్కల మీద కొవ్వొత్తిని నిలిపి, మోకాలి లోతు నీటిలోకి దిగి, ఎగరేయకుండా రెండు చేతులతో నీటి మీద ఉంచి వదలాలి. బతుకమ్మను సాగనంపిన కళ్ళకు ఈ దృశ్యం ఎంతో దగ్గరగా తోస్తుంది. ఆ ఆత్మీయత సహజమే గానీ, రెండు పండుగలకూ చారిత్రక సంబంధం ఉందనుకోవడం తొందరపాటు.

మూలికలు ఏరడం

ఆ రాత్రీ, మరునాటి తెల్లవారుజామునా కోసిన మూలికలకు ఏడాదిలో ఎప్పుడూ లేని శక్తి ఉంటుందని స్లావు పల్లెల నమ్మకం. సెయింట్ జాన్స్ వర్ట్‌ను గుర్తుపట్టడం తేలిక. ఆకును వెలుతురుకు ఎత్తి చూస్తే సూదితో పొడిచినట్టు సన్నని చుక్కల గుండా కాంతి వస్తుంది. పసుపు మొగ్గను వేళ్ళ మధ్య నలిపితే ఎర్రని, ఊదా కలిసిన రసం అంటుకుంటుంది. ఆ ఎరుపును తల నరకబడిన యోహాను రక్తమన్నారు క్రైస్తవులు. తూర్పు స్లావులు మాత్రం ఆ మొక్కను ‘జ్వెరొబోయ్’, అంటే మృగాన్ని కొట్టేది, అని పిలుస్తారు. దాన్ని మేసిన తెల్లచర్మపు పశువులకు ఎండలో చర్మం కాలినట్టయ్యే జబ్బు వస్తుంది. ఒకే మొక్క మీద చర్చి కథ, పల్లె అనుభవం ఎలా పక్కపక్కన బతుకుతున్నాయో ఇక్కడ కంటికి కనిపిస్తుంది. దాన్ని కషాయం కాచి తాగమని ఎవరైనా ఇస్తే మాత్రం జాగ్రత్త: కుంగుబాటు మందులు, గర్భనిరోధక మాత్రలు వంటి అనేక మందుల పనితీరును అది మార్చివేస్తుంది.

రెండోది చోర్నొబిల్. అణు ప్రమాదంతో లోకానికి తెలిసిన ఆ ఊరి పేరు నిజానికి ఈ మొక్క పేరే. వినాయక చవితి పత్రిలో మొదట చెప్పుకునే మాచీపత్రం కూడా ఈ కుటుంబానిదే కనుక నలిపి వాసన చూస్తే తెలుగువారికి వెంటనే పోలిక తడుతుంది. పోలాండ్‌లో దీన్ని నడుముకు చుట్టుకుని నెగడు దగ్గర ఆడేవారు. ఇక తాకితే మండే నెటిల్ ఆకులను గడపల మీద, కిటికీల దగ్గర పరిచేవారు. ఆ రాత్రి ఆవుల పాలు దొంగిలించడానికి మంత్రగత్తెలు తిరుగుతారని భయం, వాటిని దాటలేరని ధైర్యం.

గొడుగులా విచ్చుకున్న తెల్లపూలతో మనిషెత్తు దాటి పెరిగే సొస్నోవ్‌స్కీ హాగ్‌వీడ్ అనే మొక్క ఈ దేశాల్లో దారుల పక్కన గుంపులుగా ఉంటుంది. పూలు అందంగా ఉన్నాయని కిరీటానికి కోయకూడదు. దాని రసం తగిలిన చోట ఎండ పడితే చర్మం బొబ్బలెక్కి కాలిపోతుంది. పొరపాటున తగిలితే వెంటనే సబ్బునీటితో కడిగి, ఆ భాగాన్ని బట్టతో కప్పి, ఎండ తగలకుండా చూసుకుని వైద్యుని దగ్గరకు వెళ్ళాలి. పొడవు చేతుల చొక్కా, పాదాల దాకా ప్యాంటు వేసుకుని వెళ్ళాలి. ఆ గడ్డిలో మెదడువాపును, లైమ్ వ్యాధిని మోసే పిడుదులు ఉంటాయి.

నెగడు

పాత పద్ధతిలో ఈ నిప్పును అగ్గిపుల్లతో వెలిగించరు. కట్టెను కట్టెతో రాపాడించి పుట్టించిన దాన్ని ‘జీవోయ్ ఒగోన్’, బతికున్న నిప్పు, అంటారు. రష్యన్ ‘ఒగోన్’, మన ‘అగ్ని’ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి వచ్చిన మాటలు. భాషలో చుట్టరికం ఇంత గట్టిగా ఉన్నా పండుగలో చుట్టరికానికి అది రుజువు కాదని మళ్ళీ గుర్తుచేయవలసి ఉంది. కుర్రవాళ్ళు ఇంటింటికీ తిరిగి పాత చీపుళ్ళు, విరిగిన సామాను, గడ్డి పోగుచేస్తారు. కొన్నిచోట్ల తారు పూసిన బండిచక్రాన్ని గుంజ మీద నిలిపి అంటిస్తారు, లేదా మండుతున్న చక్రాన్ని గుట్ట మీదనుంచి ఏట్లోకి దొర్లిస్తారు. ఆకాశంలో శిఖరానికి చేరిన సూర్యుడు ఇక దిగడం మొదలుపెట్టే రోజున మండే చక్రాన్ని కిందికి వదలడం చూసినప్పుడు, ఏ దేవుడి పేరూ లేకుండానే అది దేన్ని అభినయిస్తున్నదో అర్థమవుతుంది. పశువులను రెండు నెగళ్ళ మధ్యనుంచి తోలడం, జబ్బుపడిన పిల్లల చొక్కాలను తల్లులు మంటలో వేయడం కూడా జానపద పరిశోధకులు నమోదు చేశారు. పంట, పశువు, పిల్లల ఆరోగ్యం: రైతు ఇంటి చింతలన్నీ ఆ నిప్పు ముందుకు వచ్చేవి.

దూకడానికి తొందరపడవద్దు. మొదట నెగడు మనిషెత్తు లేస్తుంది. అప్పుడు చేతులు కలిపి చుట్టూ తిరుగుతూ పాడడమే పని. మంట మోకాలి ఎత్తుకు దిగాక ఒక వైపు నుంచే, గాలికి ఎదురు కాకుండా దూకాలి. నూలు బట్టలే వేసుకోవాలి, జుట్టు ముడివేసుకోవాలి, తాగినవారు దూరంగా ఉండాలి, పక్కన రెండు బకెట్ల నీళ్ళు ఉండాలి. జంటగా దూకేటప్పుడు చేతులు విడిపోకపోతే పెళ్ళి ఖాయమంటారు. ఎంత ఎత్తు దూకితే చేలో పంట అంత ఎత్తు ఎదుగుతుందన్న మాట ఇంకా పాత పొరలోనిదని నా నమ్మకం.

బొమ్మ, నీళ్ళు, ఫెర్న్ పువ్వు

ఉక్రెయిన్‌లో అమ్మాయిలు విల్లో కొమ్మనో గడ్డిబొమ్మనో పూలతో, రిబ్బన్లతో అలంకరించి మరేనా అని పిలిచి, దాని చుట్టూ పాడి, చివరకు ఏట్లో ముంచుతారు. ఈలోగా దాన్ని లాక్కుపోవాలని అబ్బాయిలు చూస్తారు. పోలాండ్‌లో దాదాపు ఇదే పేరున్న మజాన్నా బొమ్మను ముంచేది మార్చిలో, చలికాలాన్ని సాగనంపడానికి. పేరు ఒకటే అయినా రుతువు వేరు, ఉద్దేశం వేరు. పేరును పట్టుకుని పోతే ఎలా తప్పిపోతామో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. కుపాలాకు ముందు నీటిలో దిగితే మునిగిపోయిన కన్యల ఆత్మలైన రుసాల్కాలు పట్టుకుంటాయని పెద్దలు పిల్లలను వారించేవారు, ఈ రోజుతో ఈతల కాలం మొదలయ్యేది.

అర్ధరాత్రి ఎవరైనా ఫెర్న్ పువ్వు వెతకడానికి అడవిలోకి పిలుస్తారు. అది క్షణకాలం మాత్రం నిప్పులా విచ్చుకుంటుందని, దొరికినవారికి పాతర నిధులు కనిపిస్తాయని, జంతువుల మాటలు అర్థమవుతాయని ప్రతీతి. ఫెర్న్‌కు పువ్వు ఉండదు. ఆకును తిరగేసి టార్చి వేస్తే వరుసగా గోధుమరంగు పొక్కులు కనిపిస్తాయి, వాటిలోని ధూళి లాంటి సిద్ధబీజాలతోనే అది పుడుతుంది. పూయని మొక్క పువ్వును వెతకడమనే నెపంతో యువజంటలకు ఆ ఒక్క రాత్రి పెద్దల కళ్ళుగప్పి తిరిగే స్వేచ్ఛ దొరికేది. మఠాధిపతులకు అన్నిటికన్నా కోపం తెప్పించినది అదేనేమో. పిలుపులోని ఈ సూచన తెలిసే వెళ్ళాలి, ఇష్టం లేకపోతే మర్యాదగా కాదనవచ్చు, ఎవరూ తప్పుగా తీసుకోరు.

బల్గేరియాలో ఈ పండుగ పేరు ఎన్యోవ్‌డెన్, జూన్ 24. అక్కడ నెగడు కంటే మూలికలకే పెద్దపీట: మనిషికి డెబ్భై ఏడున్నర రోగాలని, డెబ్భై ఏడింటికి మందు మొక్క ఉందని, ఆ మిగిలిన సగం రోగానికి పేరులేని మొక్క ఒకటి ఉందని చెబుతారు. ఆ రోజున ఎన్యో, అంటే యోహాను, మంచు తేవడానికి తోలుకోటు వేసుకుని బయలుదేరతాడన్న సామెత కూడా వారిదే. సెర్బియాలో పసుపు ఇవాన్ పూలతో అల్లిన చుట్టును గుమ్మానికి కట్టి ఏడాదంతా ఉంచుతారు. లాట్వియా, లిథువేనియాల నడివేసవి వేడుకలు దీనికి ఎంతో దగ్గరివే అయినా ఆ ప్రజలు బాల్టులు, స్లావులు కారు. అక్కడివారి ముందు ఈ తేడా మరిచి మాట్లాడకూడదు.

తెల్లవారుజాము

చాలామంది నెగడు తగ్గగానే వెళ్ళిపోతారు. మీరు ఉండండి. కీవ్ ప్రాంతంలో ఆ రోజుల్లో 5 గంటలకు ముందే పొద్దు పొడుస్తుంది. ఉదయించే సూర్యుడు ఈ ఒక్క రోజు ఆడతాడని, రంగులు మారుస్తూ వణుకుతాడని బెలారస్ పల్లెల్లో నమ్మకం. దానికోసం గుట్టెక్కి ఎదురుచూస్తారు. శుభ్రమైన తువ్వాలును గడ్డి మీద ఈడ్చి, తడిసిన తువ్వాలును పిండితే గిన్నెలోకి మంచునీరు దిగుతుంది. దానితో ముఖం కడుక్కుంటారు. తరువాత నెగడు దగ్గరకు తిరిగి వచ్చి, బూడిదను కర్రతో కెలికి, నిప్పు మిగిలిన చోటల్లా ఏటినీళ్ళు పోసి, పొగ రావడం ఆగేదాకా మళ్ళీ కెలికి మళ్ళీ పోయాలి.